ఎడమచేతి ముద్ర

ఎడో నగరం,
కురుమిజావా ప్రభువుల మేడ,
తొమ్మిదో నెల, చేమంతుల పండుగ దాటాక

మా రికు అక్కకి,

నీ ఉత్తరం అందింది. విప్పకముందే నా గుండె జారిపోయింది. ఎందుకో తెలుసా? సిరా వల్ల. పైన నా పేరు బూడిదరంగులో కనిపించింది. అంత పలుచటి సిరా చావు కబురు రాసేవాళ్ళు కదా పెట్టేది, సిరా అరగదీసే రాతి మీద కన్నీళ్ళు పడి పలచబడిందని అవతలివాళ్ళకి తెలియాలని. బావకేదో అయిందనుకుని విప్పితే, లోపల ముల్లంగి ఊరగాయ ఈ ఏడు సరిగ్గా ఊరలేదని రాశావు. నీ పొదుపు పాడుగాను. సిరాకడ్డీ ఇంకాస్త అరగదీస్తే నీ ఆస్తేం కరిగిపోదు.

నేను మాత్రం ఎప్పటిలాగే నీకు ఎడమచేత్తో రాస్తున్నాను. దివాణం కాగితాలన్నీ కుడిచేత్తో, నిటారుగా, బుద్ధిమంతుడిలా రాస్తాను. ఇక్కడ ఎవరికీ నా వాటం తెలియదు, ప్రభువుకి తప్ప. ఈ వంకర రాత నీ ఒక్కదానికే. చిన్నప్పుడు అమ్మ ఈ చేతిని నడికట్టు తాడుతో వీపుకి కట్టి అక్షరాలు దిద్దించేది గుర్తుందా? ఆ కసి అంతా నీ ఉత్తరాల మీద తీర్చుకుంటున్నాను.

ఇక్కడి విశేషానికొస్తే, ప్రభువుకి జ్వరం తగ్గలేదు. నేను గదిలోనే కొలువు కాబట్టి పగలంతా ఆయన పక్కనే ఉంటున్నాను. దగ్గు పట్టుకుంది. ముందు గొంతు సవరించుకున్నట్టు చిన్నగా వస్తుంది, ఆ వెనక కుండ పగిలినట్టు పెద్దగా వస్తుంది. మొన్న ఆయనే అన్నారు, "తామోన్, నాకు ఓపిక లేదు గానీ నా బదులు నువ్వు దగ్గరా, కాసేపు పడుకుంటాను." దగ్గాను. పక్క గదిలో వైద్యుడు మందు గిన్నె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ప్రభువు నవ్వీ నవ్వీ నిజంగానే దగ్గారు.

సరిగ్గా అప్పుడే దివాన్ ఇబుకిగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన నవ్వలేదు. "మళ్ళీ దగ్గు," అన్నారు. దగ్గాను. తలాడించి వెళ్ళిపోయారు. ఎందుకో ఆ తలాడింపు నాకు నచ్చలేదు.

వసంతంలో ప్రభువుతోపాటు మన ఊరు వస్తాం. ఊరినా ఊరకపోయినా ఆ ముల్లంగి నాకు దాచు. ఈ ఉత్తరాలు మందులమ్మే జింపాచి చేతికే ఇవ్వు. దివాణం టపా సీలు మధ్యలో ఊడుతోందని అందరూ అంటున్నారు.

నీ తమ్ముడు
తామోన్


తొకురా కోట వీధి,
పదో నెల, మొదటి మంచు

ఒరే తామోన్,

ప్రభువు దగ్గు దగ్గడానికి నీకేం పోయేకాలం వచ్చింది? నీకు సరదాగానే ఉంటుంది. ఊళ్ళో కాకిని, కుక్కని, గుడి పూజారిని అనుకరించి తన్నులు తిన్నది చాలలేదా? కొలువులో ఉన్నవాడికి సొంత గొంతు ఉంటే చాలు. ఇక ఆ ఆట కట్టిపెట్టు.

నీ పెళ్ళి సంగతి. కోట గుర్రాల శాల చూసే ఓనో గారి రెండో అమ్మాయి కిను నీకు తెలుసు, వాగు దగ్గర బట్టలుతుకుతూ మనతో పోట్లాడేది. వాళ్ళింట్లో ఒప్పుకున్నారు. పెళ్ళయ్యాక బయటపడితే నా జుట్టు పట్టుకుంటారని నీ ఎడమచేతి సంగతి ముందే చెప్పేశాను. వాళ్ళమ్మ మొహం మాడ్చుకుంది. ఆ పిల్ల మాత్రం, "అయితే పక్కపక్కన కూర్చుని తింటే మోచేతులు గుద్దుకుంటాయేమో, నేను అటువైపు కూర్చుంటాలే వదినా," అంది. అప్పుడే వదిన అనేసింది. నాకు నచ్చింది. నువ్వు వసంతంలో రావాలి, అంతే.

మీ బావ కోట ద్వారం కాపలా నుంచి మొహం వేలాడేసుకుని వస్తున్నాడు. ప్రభువుకి పిల్లలు లేరు, దత్తత పేరు దేశమేలే షోగన్ గారి దగ్గర ఇంకా రాయించలేదు. ఏమైనా జరగరానిది జరిగితే సంస్థానమే ఉండదు, కోట లాక్కుంటారు, మనందరం రోడ్డున పడతాం. ఆయన దిగులంతా అదే. మొన్న మన వీధిలోకి కాగితం గొడుగులు అమ్ముకుంటూ ఒకాయన వచ్చాడు. నడుముకి రెండు కత్తులున్నాయి. పక్క సంస్థానం రద్దు కాకముందు అక్కడి కోట ద్వారం దగ్గర మీ బావలాగే నిలబడినాయన. మీ బావ గుర్తుపట్టి కూడా గుర్తుపట్టనట్టు ఒక గొడుగు కొని లోపలికొచ్చి కూర్చున్నాడు. ఆ గొడుగు ఇంకా విప్పలేదు.

ఇంకో వింత విను. కొండ మీది మఠంలో ప్రభువు చిన్నాన్న కొడుకు సెయాన్ ఉన్నాడు కదా, చిన్న సన్యాసి. అతనికి గుండు గీయడం మానేశారట. మంగలి భార్య నాతో చెప్పింది. "తలంతా ముళ్ళపందిలా అయిందమ్మా, మా ఆయన గీస్తానంటే పెద్ద గురువుగారు వద్దన్నారు," అంది. సన్యాసికి జుట్టెందుకురా?

ఈసారి సిరా చిక్కగానే అరగదీశాను. నీ వెక్కిరింపులు నాకు అక్కర్లేదు.

రికు


ఎడో, పదో నెల చివర

అక్కకి,

ప్రభువు కోలుకుంటున్నారు. అందరికీ అలా చెప్పమని దివాన్‌గారి ఆజ్ఞ. కనుక నీకూ చెబుతున్నాను.

సెయాన్ జుట్టు మాట ఇంకెక్కడా అనకు. మంగలి భార్యని కూడా నోరు మూసుకోమను. నవ్వులాటకి అనడం లేదు.

లోపలి గదిలోకి ఇప్పుడు ముగ్గురమే వెళ్తున్నాం. దివాన్‌గారు, వైద్యుడు, నేను. భోజనం బల్ల పూటపూటా నిండుగా లోపలికి వెళ్తుంది, నేను ఖాళీ గిన్నెలు బయటికి తెస్తాను. వంటవాళ్ళు సంతోషిస్తున్నారు, "అయ్యగారికి ఆకలి పుట్టింది," అని. నేను లావయ్యాను అక్కా. నడికట్టు ముడి ముందుకు జరిగింది.

వంటింట్లో ఒక్కటే గొడవ. ఉప్పు తొట్లన్నీ లోపలికి తెప్పించుకున్నారు దివాన్‌గారు. మొన్నటి నుంచి అందరికీ చప్పిడి చారే. "ఎడోలో ఉప్పుకి కరువొచ్చిందా?" అని పెద్ద వంటవాడు సణుగుతున్నాడు. నేను ఆ చారు కూడా తాగలేకపోతున్నాను.

రోజూ పొద్దున్నే డోలు వాయించమని ఆజ్ఞ అయింది. ఇక్కడంతా బాగుందని పక్క మేడల వాళ్ళకి వినిపించాలట. వాయించేవాడికి ఎందుకో తెలియదు, హుషారుగా వాయిస్తున్నాడు. పరామర్శకి ఎవరైనా వచ్చి ముందు గదిలో కూర్చుంటే వైద్యుడు నాకు సైగ చేస్తాడు. నేను దగ్గుతాను. వాళ్ళు, "ఇంకా దగ్గు తగ్గలేదన్నమాట," అనుకుని తమలో తాము మాట్లాడుకుని వెళ్ళిపోతారు.

ఇంతకంటే రాయను. రక్తంతో వేలిముద్ర వేసి ప్రమాణం చేశాను. నన్నేమీ అడక్కు.

కిను అటువైపు కూర్చుంటానందా? ఆ మాట చదువుకున్నప్పుడల్లా నవ్వొస్తోంది. ఈ ఇంట్లో నవ్వడానికి అదొక్కటే ఉంది.

తామోన్


తొకురా,
పదకొండో నెల

తామోన్,

అడక్కు అన్నావు. అడగను. నువ్వు చెప్పనిదంతా నాకు అర్థమైంది.

సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, ఉప్పు దేనికి వాడతారో నాకు చెప్పక్కర్లేదు. ఆ మంచి మనిషి ఇక లేడని తెలిసి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. మీ బావకి పొగ అన్నాను. ఆయనకీ తెలుసేమో. కొండ మీద సన్యాసి జుట్టు చెవులదాకా వచ్చింది, ఊరంతా చూస్తోంది, ఊరంతా చూడనట్టే ఉంది.

నాకు కావలసింది ఒక్కటే చెప్పు. దత్తత కాగితం మీద ప్రభువు తన చేత్తో ముద్ర వేయాలి. షోగన్ గారి అధికారి వచ్చి ఎదురుగా కూర్చుని చూడాలి. అది చట్టం, చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ రోజు ఆ పరుపు మీద పడుకునేది ఎవరు? దగ్గేది నువ్వయినప్పుడు చెయ్యి చాపేది ఇంకెవరవుతారు?

తామోన్, నాకు భయంగా ఉంది. సంస్థానం నిలబడుతుంది, సరే. మీ బావ కొలువు ఉంటుంది, సరే. ముద్ర పడ్డాక ప్రభువు పోయారని చాటిస్తారు. అప్పుడు ఆయన బదులు దగ్గినవాడిని ఏం చేస్తారు? వాడు బతికున్నన్నాళ్ళూ దివాన్‌గారికి నిద్ర పడుతుందా? ఎవరు ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. జ్వరమని చెప్పు, కాలు విరిగిందని చెప్పు, నిజంగానే విరగ్గొట్టుకో. ఆ పరుపెక్కకు.

జింపాచి మంచు దారిలోనే బయలుదేరుతున్నాడు, ఎలుగుబంటి పిత్తం మందు పొట్లాల కింద ఈ ఉత్తరం పెట్టాను.

రికు


ఎడో,
పదకొండో నెల

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికే అంతా అయిపోయింది. ఇక ప్రమాణం లేదు, ఏమీ లేదు. నీకు చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

ప్రభువు పోయింది చేమంతులు వాడకముందే. చివరి మాట నాతోనే అన్నారు, "నీ రెండో చేత్తో నా దిండు సర్దు," అని. రెండో చేయి అంటే ఎడమది. ఆయన ఎప్పుడూ అలాగే పిలిచేవారు. ఆయన పక్క కొట్టులో జాడీలో ఉండగా, ఆయన పరుపు మీద, ఆయన దుస్తుల్లో నేను పడుకున్నాను. దుప్పటికి ఇంకా ఆయన వాసనే ఉంది.

అధికారి పగటిపూటే వచ్చాడు. ముసలాయన, చాలా మర్యాదస్తుడు. తెరకి అవతల కూర్చున్నాడు. "ప్రభువులవారు మా మాట వింటున్నారా?" అని అడిగాడు. నేను దగ్గాను. "పాపం, బాగా నీరసించారు," అన్నాడు. ఆ గొంతులో నిజమైన జాలి ఉంది అక్కా. అక్కడే నా పని చెడింది. వైద్యుడి నటనకీ, దివాన్‌గారి నటనకీ నేను సిద్ధపడ్డాను గానీ ఆ జాలికి సిద్ధపడలేదు. చచ్చిపోయినాయన గుర్తొచ్చి కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

"దత్తత సమ్మతమైతే స్వహస్తంతో ముద్ర వేయించండి," అన్నాడు. దివాన్‌గారు తెర అంచు కొద్దిగా ఎత్తి పళ్ళెం జరిపారు. కుడిచెయ్యి చాపాలని ఎన్నిసార్లు అభ్యాసం చేయించారో. భయమేస్తే నాకు ఏ చెయ్యి వస్తుందో నీకు తెలుసు. వాగులో కొట్టుకుపోతూ నీ నడికట్టు పట్టుకున్నది ఏ చేత్తో? అదే వచ్చింది. దుప్పటి కిందనుంచి బయటికి వచ్చి, ముద్ర తీసుకుని, సిరాలో అద్ది, కాగితం మీద తిన్నగా వేసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. వెనక్కి తీసుకున్నాక గానీ అది ఎడమదని నాకే తెలియలేదు.

అవతల ఆ ముసలాయన ముద్ర పడిన కాగితం దగ్గరికి లాక్కుని చూశాడు.

"ప్రభువులవారిది ఎడమచేతి వాటమా?"

"జ్వరం కుడిపక్కని లాగేసిందండి," అన్నారు దివాన్‌గారు. "ఆ చెయ్యి స్వాధీనంలో లేదు."

"అలాగా. అలవాటు లేని చేత్తో ఎంత తిన్నగా పడిందో," అన్నాడాయన. టీ తాగాడు. బాగుందని ఇంకో గిన్నె అడిగి తాగాడు. దత్తత ఖాయమని చెప్పి వెళ్ళిపోయాడు.

ప్రభువు పోయినట్టు మర్నాడు చాటించారు. డోలు ఆగింది. మేడంతా ఇప్పుడు ఏడుస్తోంది. నేను ముందే ఏడ్చేశాను కనుక అందరిలో నేనొక్కడినే పొడికళ్ళతో ఉన్నానని తోటివాళ్ళు ఈసడించుకుంటున్నారు.

దివాన్‌గారు నన్ను తిట్టలేదు, కొట్టలేదు. పరుపు మీద నుంచి లేస్తుంటే స్వయంగా చెయ్యి అందించి, "మీరు బాగా అలిసిపోయి ఉంటారు," అన్నారు. ఇన్నేళ్ళుగా "ఒరే" తప్ప ఎరగను ఆయన నోట. తిట్టి ఉంటే బాగుండేది.

తామోన్


తొకురా,
పన్నెండో నెల మొదట్లో

ఒరే నాన్నా,

పారిపో.

ఇంకేమీ ఆలోచించకు. జింపాచితో అన్నీ మాట్లాడాను. అతని వెంట మందుల పెట్టె మోసే కూలివాడిలా వచ్చేయి. కత్తులు అక్కడే వదిలేయి, జుట్టు ముడి కోసేయి. ఎవరైనా అడిగితే మూగవాడినని సైగ చెయ్యి. కాకిలా కూసినవాడివి, మూగవాడిలా ఉండలేవా?

మా గురించి బెంగపడి ఆగిపోతావని నాకు తెలుసు. మీ బావతో ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన లేచి వెళ్ళి ఆ మూల పెట్టిన గొడుగు తెచ్చి విప్పాడు. పుల్లలు ఎలా అతికించారో తిప్పి తిప్పి చూశాడు. "ఇదేమంత కష్టమైన పని కాదు రికూ," అన్నాడు. అంతే అన్నాడు. మేం గొడుగులు చేసుకుని బతుకుతాం. ఊళ్ళో అందరం చేసుకుని బతుకుతాం. నువ్వు రా.

దివాన్‌గారు "మీరు" అంటున్నారంటే నిన్ను అప్పుడే పోయినవాళ్ళ లెక్కలో వేశారు. నేను నిన్ను ఎన్నటికీ అలా పిలవను. ముసలివాడివయ్యాక కూడా ఒరే అనే పిలుస్తాను. విని పడి ఉండాలి.

కిను నీకోసం చలికోటు కుడుతోంది. గుండీల తాళ్ళు ఎడమచేత్తో వేసుకునేలా తిప్పి పెట్టింది. అది వేసుకోవడానికైనా రా.

అక్క


ఎడో,
పన్నెండో నెల

అక్కా,

గబగబా రాస్తున్నాను. జింపాచి వంటింటి గుమ్మం దగ్గర కడుపునొప్పి మాత్రలు లెక్కపెడుతున్నట్టు నటిస్తున్నాడు. అతనికి నటన రాదు.

ఆ ముసలి అధికారి కబురు పంపాడు. పోయిన ప్రభువుకి గదిలో సేవ చేసినవాళ్ళందరినీ ఒకసారి చూడాలని ఉందట. అందరితో కలిసి ఒక గిన్నె సారా తాగి ప్రభువుని తలుచుకుంటాడట. అందరికీ తన చేత్తోనే పోస్తాడట. ఎవరు ఏ చేత్తో గిన్నె అందుకుంటారో చూడాలనే కదా. ఇబుకిగారు ఆ కబురు చదివి నాకేసి చూసి చిరునవ్వు నవ్వారు. "మీకు విశ్రాంతి అవసరం. నది అవతల మన తోటబంగళా ఉంది, రేపే అక్కడికి వెళ్ళండి. పల్లకి పంపిస్తాను," అన్నారు. నా హోదావాడికి పల్లకి. వేసుకోమని తెల్ల పట్టు జత కూడా ఇచ్చారు. చావుకి కట్టే తెలుపు నాకెందుకని అడగబోయి ఊరుకున్నాను.

ఇప్పుడే పారిపోయానంటే ఆ ముసలాయన అనుమానం నిజమవుతుంది, సంస్థానం పోతుంది. బావ గొడుగులు చేయగలడు. మిగతా వీధి సంగతేమిటి? తోటబంగళా నుంచి మాయమైతే మాత్రం ఏ జ్వరమో వచ్చి పోయానని ఇబుకిగారే చెప్పుకుంటారు, ఆయనకీ నాకూ ఇద్దరికీ పని జరుగుతుంది. అందుకే పల్లకెక్కి వెళ్తాను. జింపాచి రేవు దగ్గర పడవతో ఉంటాడు. చీకటి పడకముందే తోట వెనక నుంచి దిగిపోతాను. అంతవరకు వాళ్ళు ఆగుతారనే నా ఆశ.

నాకు బతకాలని ఉంది అక్కా. చాలా ఉంది. సంస్థానం కోసం ప్రాణాలిచ్చేవాళ్ళ గురించి చిన్నప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్ళం, నిజంగా ఆ చోటికొచ్చి నిలబడితే ముల్లంగి ఊరగాయ తప్ప ఇంకేమీ గుర్తుకు రావడం లేదు.

ఒక్కటి గుర్తుపెట్టుకో. బతికున్నంతకాలం నీకు ఎడమచేత్తోనే రాస్తాను. ఆ చెయ్యి నరికితే నోటితో పట్టుకుని రాస్తాను. కుడిచేతి రాతతో నా పేరు మీద ఉత్తరం వస్తే అది నాది కాదు. దివాణంలో నా కాగితాలన్నీ కుడిచేతివే, వాళ్ళ దగ్గర ఉన్న రాత అదొక్కటే.

చలికోటు గుండీల సంగతి కినుకి చెప్పు, అలా ఎవరూ నాకోసం ఆలోచించలేదని.

తామోన్


ఎడో,
కొత్త సంవత్సరం, మొదటి నెల

పూజ్యులైన సోదరి రికుగారి సముఖమునకు, తమ్ముడు తామోన్ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నేనిక్కడ క్షేమముగా ఉన్నాను. మీరు, బావగారు క్షేమముగా ఉన్నారని తలంచెదను. మన ప్రభువులవారు నిర్యాణము చెందిన వార్త మీకు ఇదివరకే తెలిసియుండును. ఆ దుఃఖముచేత నా మనస్సు లౌకిక విషయములనుండి విరమించినది. దివాన్‌గారి దయవలన దూరప్రాంతమందొక మఠమున ప్రవేశించి, ప్రభువులవారి ఆత్మశాంతికై శేషజీవితము గడుపుటకు నిశ్చయించుకొంటిని. అచటి నియమములు కఠినములగుటచే ఇకమీదట ఉత్తరములు వ్రాయజాలను. మీరును వ్రాయ శ్రమపడవలదు. వ్రాయదలచినచో ఒకపరి దివాన్‌గారి కార్యాలయము ద్వారా పంపినయెడల నాకందజేయుదురు.

నా సేవకు సంతసించి కొత్త ప్రభువులవారు బావగారిని ద్వారపాలకుల నాయకునిగా నియమింపనున్నారని తెలిసి ఆనందించితిని.

విధేయుడు
తామోన్


తొకురా కోట వీధి,
రెండో నెల

తమ్ముడు తామోన్‌గారికి,

దివాన్‌గారి కార్యాలయం ద్వారా మీకు చేరుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ ఉత్తరం అందింది. ఎంత చక్కగా రాశారు. ఒక్క గీత కూడా వంకరపోలేదు. మీ పాత ఉత్తరాలన్నీ బయటికి తీసి పక్కన పెట్టి చూశాను, ఎంత తేడానో. అమ్మ తాడుతో కట్టి కూర్చోబెట్టినా రాని కుడిచేతి రాత మీకు ఎడోలో వచ్చేసింది. అమ్మ ఉంటే ఏమనేదో నాకు తెలుసు. ఇది నా కొడుకు రాత కాదే, అనేది. ముసలిది, దానికి మర్యాద తెలియదు.

మన కొత్త ప్రభువు వచ్చారు. వీధి వీధంతా మంచులో మోకరిల్లింది. ఆయన జుట్టు ఇంకా ముడికి అందలేదు, నల్లదారంతో కట్టి తెచ్చారు. పల్లకి వెనకే దివాన్‌గారు గుర్రం మీద వచ్చారు. మా ముందుకి రాగానే గుర్రం ఆపి, "మీ తమ్ముడి విధేయత ఈ సంస్థానం ఎన్నటికీ మరిచిపోదు," అన్నారు. ఎంత నెమ్మదైన మనిషి. నేను నేలకేసి తల వంచే ఉన్నాను. నా చేతులు మంచులో ఉన్నాయి, చలి తెలియలేదు.

మీ బావగారు కొత్త పదవి వద్దని చెప్పి వచ్చేశారు. కారణం అడిగితే నడుము నొప్పి అన్నారట. ఇప్పుడు ఇంట్లో కూర్చుని వెదురు చీలుస్తున్నారు.

కిను పెళ్ళి వేరే చోట చూసుకోమని ఓనో గారికి నేనే చెప్పాను. ఆ పిల్ల చలికోటు తెచ్చి నాకిచ్చింది. "మఠంలో చలిగా ఉంటుందేమో వదినా, పంపుతావా?" అని అడిగింది. అడిగి నా మొహంలోకి చూసింది. మళ్ళీ తనే వద్దులే అని తీసుకుని వెళ్ళిపోయింది.

ఈ ఏడు ముల్లంగి బాగా ఊరింది. జాడీ ఇంకా మూత తీయలేదు.

ముసలివాడివయ్యాక కూడా ఒరే అనే పిలుస్తానని మీకు ఒకప్పుడు మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టుకోలేకపోయాను. ఇక నుంచి మిమ్మల్ని మీరు అనే అనాలి.

సిరా పలుచగా ఉందని దివాన్‌గారు ఆశ్చర్యపోతారేమో. ఆయనకి కూడా చెప్పండి, ఈసారి పొదుపు కోసం కాదు.

మీ అక్క
రికు